ఆన్ దొరసానికి అయిదువందల యాభై ఏళ్లు

ఇంగ్లిషు వాళ్ల ‘డచెస్’కి మన దగ్గర దగ్గరగా వచ్చే మాట దొరసాని. కాకపోతే దొరసాని అంటే దొరగారి భార్య. ఈవిడ సంగతి అది కాదు. తండ్రి పోయిన నాడు, పన్నెండేళ్లయినా నిండకుండా, తానే దొర అయింది. ఆ తర్వాత కాపురం చేసిన ఇద్దరూ ఫ్రాన్స్ రాజులే. ఫ్రాన్స్‌కి రెండుసార్లు రాణి అయిన ఆడమనిషి చరిత్రలో ఈవిడ ఒక్కతే. అయినా ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ జనం ఈమెను రాణి అని పిలుచుకోరు, డచెస్ ఆన్ అనే అంటారు. రెండు కిరీటాల కన్నా పుట్టింటి హోదానే వాళ్లకు ముద్దు. ఆమెకూ అదే ముద్దు.

ఆన్ ద బ్రెతాన్ 1477 జనవరి 25న లువార్ నది ఒడ్డున, నాంత్ కోటలో పుట్టింది. అంటే 2027 జనవరి 25కి అయిదువందల యాభై ఏళ్లు. మనకు అరవై నిండితే షష్టిపూర్తి, ఎనభై దాటితే సహస్ర చంద్ర దర్శనం. అయిదువందల యాభైకి పేరున్న వేడుక ఏదీ లేదు గనక ఈ నాలుగు మాటలూ అక్షింతలనుకోండి. బతికి ఉండగా ఆమె చూసిన పుట్టినరోజులు ముప్ఫయ్యారే. ముప్ఫయ్యేడు నిండడానికి పదహారు రోజుల ముందు, 1514 జనవరి 9న, బ్లువా కోటలో కన్నుమూసింది.

ఆన్ అనే పేరు తెలుగు చెవికి ‘ఆన’లా వినిపిస్తుంది. ఆన అంటే ఆజ్ఞ, ఆన అంటే ఒట్టు కూడా. రెండూ ఈవిడకు అతికినట్టు సరిపోతాయి. సాన్ మాలో రేవులో ఆమె కట్టించిన కోట బురుజు పేరు ‘కికాంగ్రోఞ్’. ఎవరైనా గొణుక్కోనీ, నా ఇష్టం ఇది, ఇలాగే జరుగుతుంది అని ఆ గోడ మీద చెక్కించిందని చెబుతారు. బురుజు అడ్డమని గొణిగిన ఊరి వాళ్లకు ఇచ్చిన జవాబట. ఇది ఆజ్ఞ. ఇక ఒట్టు. బ్రిటనీ ప్రభువుల వంశ నినాదం ‘నా ప్రాణం ఉన్నంతవరకు’ అనే అర్థం వచ్చే మాట. చాలా వంశాల నినాదాలు డాలు మీద బొమ్మతో పాటు వెలిసిపోయాయి. ఈ పిల్ల మాత్రం దాన్ని నిజంగానే పట్టుకుంది.

పట్టుకోవడానికి ఆమె చేతిలో ఏమీ లేనప్పటి నుంచి మొదలుపెట్టాలి. తండ్రి రెండో ఫ్రాన్సువాకు వారసుడు కాగల కొడుకు లేడు. పక్కన ఫ్రాన్స్ నోరు తెరుచుకుని కూర్చుంది. కూతురి పెళ్లిని చూపించి బేరాలాడటం ఒక్కటే ఆ ముసలాయనకు మిగిలిన రాజనీతి. పాపకు నాలుగేళ్లప్పుడే ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్‌తో మాట అయింది. ఆ పిల్లవాడు 1483లో లండన్ టవర్లో తమ్ముడితో సహా మాయమైపోయాడు. తర్వాత ఎందరో పెళ్లికొడుకులు వరసకట్టారు. చివరికి 1488 జూలై 28న సాంతొబాన్ దగ్గర బ్రిటనీ సైన్యం ఫ్రాన్స్ చేతిలో చిత్తయింది. ఓడిన దొర పెట్టిన సంతకంలో ఒక షరతు ఉంది: నీ కూతుళ్లకు మా రాజు అనుమతి లేకుండా పెళ్లి చేయకూడదు. ఆ అవమానంతో ఆయన ఎక్కువ రోజులు బతకలేదు, సెప్టెంబరులో పోయాడు. ఆ యుద్ధంలో బ్రిటనీ పక్షాన నిలబడి ఫ్రాన్స్‌కి బందీగా చిక్కిన వాళ్లలో ఓర్లెయాన్ ప్రభువు లూయీ ఒకడు. ఆయన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

పదమూడేళ్ల ఆన్ ఆ షరతును లెక్కచేయలేదు. 1490 డిసెంబరులో రెన్ నగరంలో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ను పెళ్లాడింది. పెళ్లికొడుకు రాలేదు, తన బదులు దూతను పంపాడు. ఆనాటి చట్టం కోసం ఆ దూత సాక్షుల ఎదుట ఒక కాలు మోకాలి దాకా బట్ట తీసి, పెళ్లికూతురి పక్క మీద పెట్టాడు. మన దగ్గర కత్తికి తాళి కట్టిన పెళ్లిళ్లు ఉన్నాయి, ఇది కాలికి కట్టిన పెళ్లి. అసలు మొగుడు ఎక్కడో హంగరీ గొడవల్లో మునిగి ఉన్నాడు, సైన్యాన్ని పంపలేదు. ఫ్రాన్స్ వచ్చి రెన్‌ను ముట్టడించింది. కోటలో ఆకలి, జీతం లేని కిరాయి సిపాయిలు. 1491 డిసెంబరు 6న లాంజే కోటలో, పదిహేను నిండటానికి యాభై రోజులుండగా, ఏ రాజు తన ఊరిని ముట్టడించాడో ఆ ఎనిమిదో చార్లెస్‌నే కట్టుకుంది. ఇక్కడ మాక్సిమిలియన్ మీద జాలి పడాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆయన కూతురు మార్గరెట్‌ను చార్లెస్‌కి ఇచ్చి చేద్దామని ఫ్రాన్స్‌లోనే పెంచుతున్నారు. కాబోయే అల్లుడు కూతుర్ని వద్దన్నాడు, మామ భార్యను తీసుకుపోయాడు.

లాంజేలో రాసుకున్న పెళ్లి ఒప్పందం ఓడిన పక్షం ఒప్పందం. డచీ మీద, అంటే బ్రిటనీ సంస్థానం మీద, హక్కులు దంపతులు ఒకరికొకరు ధారపోసుకున్నట్టు రాశారు. అది మర్యాదకు రాసిన మాట. అసలు ముడి వేరే చోట ఉంది. మగపిల్లలు లేకుండా చార్లెస్ చనిపోతే, తర్వాత వచ్చే ఫ్రాన్స్ రాజును తప్ప ఇంకెవరినీ ఆమె పెళ్లాడకూడదు. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మడిచెక్క చేయి దాటిపోకూడదని వాళ్లింటి మరిదికే మళ్లీ ముడిపెట్టే పెద్దమనుషుల ఎత్తు మనకు తెలియంది కాదు.

ఆరేళ్లు గడిచాయి. 1498 ఏప్రిల్ 7న ఆంబువాజ్ కోటలో, భార్యతో కలిసి బంతాట చూడటానికి పోతూ, చార్లెస్ ఒక తక్కువ ఎత్తు ద్వారబంధానికి తల కొట్టుకున్నాడు. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. ఇరవై ఏడేళ్లవాడు. అప్పటికి కడుపున పుట్టిన పిల్లలెవరూ మిగల్లేదు. ఇరవై ఒక్కేళ్ల విధవ ఏం చేసిందో చూడండి. ఫ్రాన్స్ రాణులకు వైధవ్యపు బట్ట తెలుపు. ఈమె నలుపు కట్టింది. ఇంకా కన్నీళ్లు ఆరకముందే బ్రిటనీకి తన పాత చాన్సలర్‌ను మళ్లీ నియమించింది, డచీ పాలన తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత తన పేరు మీద బంగారు నాణెం కొట్టించింది. సింహాసనం మీద కూర్చున్న తన బొమ్మ వేసి, 1498 అని సంవత్సరం వేయించింది. ఫ్రాన్స్ నేలలో సంవత్సరం అచ్చైన మొట్టమొదటి నాణెం అదే. ఫలానా రోజు నుంచి ఈ నేల మళ్లీ నాది అని బంగారం మీద తేదీ వేసి చెప్పడం.

కొత్త రాజు ఎవరనుకున్నారు? సాంతొబాన్‌లో ఆమె తండ్రి పక్షాన పట్టుబడిన ఆ లూయీయే, ఇప్పుడు పన్నెండో లూయీ. పాత ఒప్పందం ప్రకారం ఆన్ ఆయన్ని చేసుకోవాలి. కానీ ఆయనకు ముందే పెళ్లయింది. భార్య జాన్ గూని మనిషి, పిల్లలు లేరు. ఆ కాపురాన్ని రద్దు చేయించడానికి చర్చి కోర్టులో ఆమె శరీరం గురించి మాట్లాడిన మాటలు చదివితే ఇప్పటికీ తల దించుకోవాలి. జాన్ చివరికి తల వంచి, బూర్జ్ వెళ్లి, సన్యాసినుల సంఘం ఒకటి స్థాపించింది. 1950లో చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. పుట్టినరోజు నాడు ఈ కథ ఎందుకంటారేమో. ఆన్ రెండో పెళ్లిపందిరికి ఒక గుంజ జాన్ కన్నీళ్లలో పాతారు, అది దాచి పొగిడితే పొగడ్త కాదు.

1499 జనవరిలో నాంత్ కోటలో, అంటే పుట్టింట్లోనే, పెళ్లి జరిగింది. ఈసారి ఒప్పందం కాగితం ఆమె రాయించుకున్నదే. నాకు ఆమె జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు అదే. బ్రిటనీకి ప్రభువు ఆన్. అక్కడి పన్ను అక్కడి సభ ఒప్పుకుంటేనే. అక్కడి తగవు అక్కడి కోర్టులోనే. పదవులు అక్కడి వాళ్లకే. ఇక ముఖ్యమైన మాట: డచీ పెద్దకొడుక్కి పోకూడదు, రెండో బిడ్డకు పోవాలి. పెద్దవాడు ఫ్రాన్స్‌కి రాజవుతాడు గనక, రెండూ ఒకే తల మీద పడకుండా కట్టిన గట్టు అది. ఆమె పదకొండేళ్లప్పుడు తండ్రి సైన్యం పోగొట్టినదాన్ని, ఇరవై రెండు నిండబోయే వేళ ఆమె గుమాస్తాలు కలంతో రాబట్టారు.

ఆ గట్టు నిలవలేదు. ఆమెకు ఇద్దరే ఆడపిల్లలు దక్కారు, క్లోద్, రెనే. ఎన్ని కాన్పులో, ఎన్ని చిన్న పెట్టెలో. మొదటి కొడుకు చార్లెస్ ఓర్లాన్‌ది రెండేళ్లప్పటి బొమ్మ పారిస్ లూవ్ర్‌లో ఉంది. తెల్లటోపీ, బొద్దు బుగ్గలు, చేతిలో జపమాల, పెద్దవాళ్ల చూపు. మూడేళ్లకే 1495లో పోయాడు. తూర్ నగరంలోని పెద్ద చర్చిలో పిల్లలకు పాలరాతి సమాధి కట్టించింది. ఇక్కడ ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

పెద్దకూతురు క్లోద్‌ని ఫ్రాన్స్ వారసుడు ఫ్రాన్సిస్‌కి ఇవ్వడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. మాక్సిమిలియన్ మనవడికి ఇచ్చి బ్రిటనీని ఫ్రాన్స్ నోట్లోంచి లాగేద్దామని చూసింది. భర్తకు జబ్బు చేసి ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన సామాను పడవల్లో నాంత్‌కి పంపిస్తే, ఫ్రాన్స్ సేనాని మార్షల్ ద జియే వాటిని దారిలో ఆపించాడు. ఆయనా బ్రిటనీ వాడే. లూయీ కోలుకున్నాడు, ఆన్ మర్చిపోలేదు. ఆ మార్షల్ని కోర్టుల చుట్టూ తిప్పి, 1506లో పదవి ఊడగొట్టించేదాకా నిద్రపోలేదు. కక్ష అంటే కక్షే, ఆవిడ పగ గురించి ఆస్థానంలో అందరికీ తెలుసు. కూతురి సంగతిలో మాత్రం ఓడింది. ఆమె చనిపోయిన నాలుగు నెలలకు, 1514 మే 18న, తల్లి కోసం కట్టిన నల్లబట్టల్లోనే క్లోద్‌కి ఫ్రాన్సిస్‌తో పెళ్లయింది. 1532లో వాన్ పట్టణంలో బ్రిటనీ సభ కూర్చుని డచీని ఫ్రాన్స్‌లో కలపమని అడిగింది. కథ అయిపోయింది.

అయిపోలేదు. సభ వాళ్లు ఊరికే కలపమనలేదు. పన్ను మా సభ ఒప్పుకుంటేనే, తగవు మా కోర్టులోనే అని అడిగి రాయించుకున్నారు. 1499 నాటి ఆన్ కాగితంలో ఉన్న మాటలే చాలావరకు మళ్లీ వచ్చాయి. వాన్ సభ అర్జీ పెట్టింది 1532 ఆగస్టు 4న. ఆ హక్కులు రద్దయింది విప్లవకాలంలో, 1789 ఆగస్టు 4 రాత్రి. సరిగ్గా 257 ఏళ్లు.

అంతకాలం ఆ హక్కుల వల్ల మామూలు మనిషికి ఏం ఒరిగిందంటే, ఉప్పు. ఉప్పు పన్ను అనగానే మనకు దండి గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో ‘గాబెల్’ అనే ఉప్పు పన్ను జనాన్ని పీల్చి పిప్పి చేసింది. బ్రిటనీలో అది లేదు. దాన్ని లేకుండా చేసింది ఆన్ కాదు, ముందు నుంచీ లేదు. కానీ కొత్త పన్ను వేయాలంటే సభ ఒప్పుకోవాలన్న షరతు ఉంది గనక, ఫ్రాన్స్‌లో కలిసిన తర్వాత కూడా రాలేదు. గేరాంద్ ఉప్పుమళ్లలో తీసిన ఉప్పు సరిహద్దుకి ఇవతల చవక, అవతల అడుగుపెడితే ఎన్నో రెట్లు ధర. దాంతో సరిహద్దంతా దొంగ ఉప్పు వ్యాపారం. ఆడవాళ్లు గౌన్ల కింద కట్టుకుని పోయేవాళ్లు, పిల్లలు మోసేవాళ్లు, చివరికి కుక్కలకు తర్ఫీదిచ్చి వాటి వీపుకి మూటలు కట్టి పంపేవాళ్లు. ఇవతల మాత్రం వంటింట్లో ఉప్పు ధారాళం. అందుకే బ్రిటనీ వాళ్లు వెన్నలో ఉప్పు కలిపి నిలవ చేయడం అలవాటు చేసుకున్నారని, మిగతా ఫ్రాన్స్ చప్పటి వెన్నతో సరిపెట్టుకుందని అక్కడ చెప్పుకుంటారు. ఈనాటికీ బ్రిటనీ ఇంట్లో రొట్టెకి రాసే వెన్న ఉప్పు వెన్నే.

ఇప్పుడు కాస్త తోటలోకి పోదాం. ఆన్ కోసం ఝాన్ బూర్దిషోన్ అనే చిత్రకారుడు 1503 నుంచి 1508 మధ్య ఒక ప్రార్థనల పుస్తకానికి బొమ్మలు వేశాడు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది, పేజీలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు. తెలియనివాళ్లు దేవుళ్ల బొమ్మల కోసం తెరుస్తారు, ఒకసారి తెరిచాక అంచులు చూస్తూ ఉండిపోతారు. ప్రతి పేజీ అంచులోనూ ఒక మొక్క. మొత్తం మూడువందలకు పైగా. పైన లాటిన్ పేరు, కింద ఫ్రాన్స్ పల్లెల్లో పిలిచే పేరు. ఆకు మీద గొంగళిపురుగు, పువ్వు మీద సీతాకోకచిలుక, కాడ మీద నత్త. కాయకి నీడ కూడా వేశాడు. ఆ తీగల్లో ఒకటి చిన్న గుమ్మడి జాతిది: ఆకుల మధ్య పసుపు పువ్వు, కింద వేలాడుతూ కాయలు. కింద ‘టర్కీ సొరకాయలు’ అన్న అర్థం వచ్చే పేరు రాసి ఉంది. టర్కీ కాదు, ఏమీ కాదు. వృక్షశాస్త్రజ్ఞులు చూసి అది అమెరికా ఖండపు జాతి అని తేల్చారు. యూరప్‌లో ఆ జాతి కాయకు వేసిన మొదటి బొమ్మ అదే. కొలంబస్ ఓడలు తిరిగొచ్చిన పదిహేనేళ్లలోపే ఆ విత్తనం ఫ్రాన్స్ తోటలో పాకింది, దొరసాని చదువుకునే పుస్తకం అంచుదాకా పాకింది. ఆ దారినే వచ్చిన మిరపకాయ మన గుంటూరు చేరడానికి ఇంకా కాలం పట్టింది. ఆన్ మొదటి మొగుడు ద్వారబంధానికి తల కొట్టుకున్న నెలన్నరకే వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు.

కథలెన్ని ఉన్నా, ఆమె గుండె కథ దగ్గర ఆగాలి. శవాన్ని ఫ్రాన్స్ రాణుల మర్యాద ప్రకారం సాన్ దెనీలో పూడ్చారు. అంత్యక్రియలు నలభై రోజులు సాగాయి. గుండెను మాత్రం, ఆమె కోరిక ప్రకారం, నాంత్‌కి పంపారు. తల్లిదండ్రుల కోసం మిషెల్ కొలోంబ్ చేత ఆమె చెక్కించిన సమాధిలో పెట్టారు. ఆ సమాధి మూలల్లో నాలుగు సద్గుణాలు ఆడవాళ్ల రూపంలో నిలబడి ఉంటాయి. అందులో వివేకానికి రెండు ముఖాలు: ముందు అద్దం చూసుకుంటున్న పడుచుపిల్ల, వెనక తిరిగి చూస్తే గడ్డం ముసలాయన. ఆన్ గుండెను పెట్టినది చిన్న బంగారు భరిణెలో. గుండె ఆకారం, పైన కిరీటం, చుట్టూ ఆమె గుండె గొప్పదనం చెప్పే పంక్తులు. విప్లవంలో దాన్ని కరిగించడానికి పారిస్ టంకశాలకు పంపారు. ఎవరి పుణ్యమో, కరగలేదు. 1819లో నాంత్‌కి తిరిగొచ్చింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి దొబ్రే మ్యూజియం కిటికీ పగలగొట్టి దొంగలు ఎత్తుకుపోయారు, పాత బంగారు నాణేలతో పాటు ఒక హిందూ దేవతా విగ్రహాన్ని కూడా. వారం తిరిగేసరికి సాన్ నజేర్ దగ్గర మట్టిలో పాతిపెట్టి ఉండగా పోలీసులు తవ్వితీశారు. భరిణె పెద్దగా చెడలేదు. ముందు మొగుళ్ల నుంచి, తర్వాత కొలిమి నుంచి, చివరికి దొంగల నుంచి: ప్రతిసారీ పుట్టింటికే చేరింది.

ఈ పుట్టినరోజుల, వార్షికోత్సవాల మాటకొస్తే ఒక ముచ్చట చెప్పాలి. 1911లో రెన్ నగరసభ భవనం గోడ గూట్లో ఒక శిల్పం పెట్టారు. రాజు చార్లెస్ ముందు ఆన్ మోకరిల్లినట్టు. బ్రిటనీ ఫ్రాన్స్‌లో కలిసినందుకు గుర్తట. ఇరవై ఏళ్లు జనం పళ్లు నూరుకుంటూ చూశారు. 1932 ఆగస్టు 7న, కలయికకు నాలుగువందల ఏళ్ల పండగ చేయడానికి ఫ్రాన్స్ ప్రధానమంత్రి వాన్‌కి వస్తున్న రోజునే, రెన్‌లో బాంబు పేలి ఆ శిల్పం తునకలైంది. బాంబులను మెచ్చుకోను. కానీ ఆ శిల్పం పెట్టిన పెద్దలు 1499 కాగితం చదివి ఉంటే ఆమెను మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాళ్లు కాదు. నాంత్ కోట వాకిట్లో ఇప్పుడు ఝాన్ ఫ్రేయూర్ చేసిన కంచు విగ్రహం ఉంది. ఇందులో ఆన్ నిలబడి ఉంది, దారిలో పోయేవాళ్లకు అందేంత దగ్గరగా.

అన్నట్టు ఆ నాంత్ ఇవాళ పరిపాలన లెక్కల్లో బ్రిటనీలో లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గీసిన గీతతో పక్క ప్రాంతంలోకి పోయింది. బ్రిటనీ దొరసాని పుట్టిన కోట, ఆమె గుండె భరిణె, తల్లిదండ్రుల సమాధి, అన్నీ గీతకు అవతల. కలపమని ఊరేగింపులు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. గీత అటు ఇటు అయితే ఊళ్లలో ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మనకూ ఆ నేలకూ ఇంకో పోగు ఉంది. మచిలీపట్నంలో, యానాంలో కోఠీలు పెట్టిన ఫ్రెంచి కంపెనీ ఓడలకు సొంత రేవు బ్రిటనీలోని లోరియాన్. తూర్పు దేశాల వర్తకం కోసం పుట్టిన ఊరు గనక ఆ పేరు. మన తీరం అద్దకపు బట్టలు ఆ రేవులో దిగేవి. ఆన్ పోయి అప్పటికి నూటయాభై ఏళ్లు దాటింది, అయినా ఆ రేవులో ఉప్పుకి పన్ను లేదు.

పల్లెపాటల్లో ఆమెను చెక్కచెప్పులు తొడుక్కున్న డచెస్ అని పాడుతారు. ఆ పాట చాలా తర్వాతిది. ఆవిడ తన కాలంలో యూరప్‌లోని ధనవంతురాళ్లలో ఒకతె, ఒక కాలు కొంచెం పొట్టి కావడంతో ఎత్తు సరిచేసిన జోడు వేసుకునేదంటారు. అయినా జనం ఆమెకు తమ చెప్పులు తొడిగారు. మనవాళ్లు సీతమ్మకు చింతాకు పతకం చేయించిన ముద్దు లాంటిదే అది.

ఆన్ దొరసాని గారూ, అయిదువందల యాభయ్యో ఏట మీకు మా తెలుగువాళ్ల అభినందనలు. మీ డచీ పోయింది, మీ కాగితాలు చెల్లడం మానేశాయి, మీ ఊరు పక్కవాళ్ల పటంలో ఉంది. మీ వాళ్లు మాత్రం పొద్దున్నే రొట్టె మీద మీ ఉప్పు తింటూనే ఉన్నారు.